లోపలి నుంచి పూడే గాయం

బాలింతకు ఇవాళ పదకొండో రోజు. పుట్టింట్లో, వసారా పక్క గదిలో మంచం మీద పడుకుని ఉంది. సిజేరియన్ కుట్లు బాగానే ఉన్నాయనుకుంటుండగా మొన్న పొద్దున లంగా బొందు దగ్గర తడి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ గీత మధ్యలో రెండు కుట్లు విప్పి, లోపల నిలిచిన రసిని బయటికి పంపించి, వేలి కణుపంత లోతున్న గుంటను అలాగే వదిలేసింది. మళ్లీ కుట్టలేదు. "రోజూ డ్రెస్సింగ్ మార్చండి, అదే లోపలి నుంచి పూడుకొస్తుంది" అని ఇంటికి పంపేసింది.

అసలు హడావిడి ఇంటికొచ్చాక మొదలైంది. గాలి తగిలితే తొందరగా ఆరుతుందని తల్లి కిటికీ తెరిచి ఫ్యాను పెంచింది. పప్పు తింటే చీము పడుతుందని పెద్దమ్మ గిన్నె వంటింట్లోకి తిప్పి పంపింది. పక్కింటావిడ చిటికెడు పసుపు, చిన్న సీసాలో కొబ్బరినూనె పట్టుకొచ్చింది. ఊళ్లో లేని అల్లుడు ఫోన్లో అడుగుతున్నాడు: "కుట్టకుండా వదిలేయడమేంటి అత్తయ్యా? ఇంకో ఆసుపత్రిలో చూపిద్దామా?"

ఈ ఇంటికి ఏ ఊరి పేరైనా పెట్టుకోవచ్చు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5 శాతం. వీటికి అపెండిక్స్, హెర్నియా, గాల్‌బ్లాడర్, ఫిస్టులా ఆపరేషన్లు కలుపుకుంటే కత్తిగాటు చూడని తెలుగు ఇల్లు అరుదు. ఎక్కువ గాయాలు చెప్పిన రోజుకు కుట్లు విప్పించుకుని సద్దుమణుగుతాయి. కొన్ని మాత్రం వారాలు, నెలలు పడతాయి. ఆ వారాలన్నీ గడిచేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే. అందుకే నెమ్మదిగా మానే గాయం లోపల ఏం జరుగుతోందో డాక్టర్‌కే కాదు, కట్టు కట్టే అమ్మకూ తెలియాలి.

మాటలోనే ఉన్న చిక్కు

గాయం బాగైతే తెలుగులో మూడు రకాలుగా చెబుతాం. మానింది అంటాం, ఆరింది అంటాం, పూడింది అంటాం. వాడుకలో మూడూ ఒకటే. గాయం వైపు నుంచి చూస్తే మాత్రం 'ఆరడం', 'పూడడం' రెండు వేర్వేరు పనులు.

అంచులు రెండూ కలిపి కుట్టిన గాయం అతుక్కునే గాయం. అంచుల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి పైచర్మం ఒకటి రెండు రోజుల్లోనే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటేస్తుంది. దాన్ని మొదటి 48 గంటలు కప్పి ఉంచి, ఆ తర్వాత శుభ్రంగా, పొడిగా చూసుకుంటే చాలు. పెద్దవాళ్లు అనే 'ఆరడం' ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

లోపల చీమో రసో చేరి కుట్లు విప్పాల్సి వచ్చినప్పుడు సంగతి వేరు. అడుగున సూక్ష్మజీవులు ఉండగా పైన కుట్టేస్తే కుండకు మూత బిగించినట్టే. లోపల మళ్లీ చీము చేరుతుంది, ఈసారి ఇంకా లోతుగా. అందుకే సర్జన్లు కావాలనే తెరిచి ఉంచుతారు. గుంట అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ పైకి రావాలి. అది అంచుల మట్టానికి వచ్చాకే చర్మం దాని మీద పాకాలి. ఇది పూడే గాయం. బావి పూడ్చినట్టు అడుగు నుంచే నింపుకు రావాలి. పైన ముందే మూసుకుపోయి లోపల ఖాళీ మిగిలితే ఆ ఖాళీ మళ్లీ పగులుతుంది.

అల్లుడికి చెప్పాల్సింది ఇదే. తెరిచి వదిలేయడం నిర్లక్ష్యం కాదు, వైద్యంలో అదో పద్ధతి.

గుంటలో జరిగే పని

కత్తి పడిన నిమిషాల్లోనే నెత్తురు గడ్డకట్టి కారడం ఆగుతుంది. మొదటి రోజు నుంచే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా దిగి సూక్ష్మజీవుల్ని మింగుతాయి. వాటి వెనకే, రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఇవి ఒకవైపు చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి, మరోవైపు కట్టుబడి పని మొదలుపెట్టమని మిగతా కణాలకు రసాయన కబుర్లు పంపుతాయి. ఈ రోజుల్లో గాయం చుట్టూ కాస్త ఎరుపు, వేడి, వాపు, సలుపు ఉండటం మామూలే.

తర్వాత వచ్చేవి ఫైబ్రోబ్లాస్ట్‌లు, అంటే మేస్త్రీలు. కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల్ని అల్లి గుంట నింపేది ఇవే. మేస్త్రీలకు సరుకు అందాలి కదా, అందుకని పక్కనున్న రక్తనాళాల నుంచి వెంట్రుక కన్నా సన్నని కొత్త నాళాలు మొలకలేసి గుంటలోకి వస్తాయి. ఆ నాళాలు వంపు తిరిగిన చోటల్లా ఒక ఎర్రటి చుక్క పైకి పొడుచుకొస్తుంది. కట్టు విప్పి వెలుతురులో చూస్తే గాయం అడుగు దానిమ్మ గింజ రంగులో, బొంబాయి రవ్వ ఆరబోసినట్టు గరుకుగా కనిపిస్తుంది. గింజలు గింజలుగా ఉంటుంది కాబట్టే వైద్యులు దీన్ని గ్రాన్యులేషన్ అంటారు. గాజ్ గుడ్డ తగిలితే చాలు, కాస్త నెత్తురు చిమ్ముతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు బెంబేలెత్తుతారు గానీ ఆ ఎరుపు మంచి కబురే. కొత్త నాళాల్లో నెత్తురు ఆడుతోందని అర్థం.

ఇంకో పని కంటికి కనబడకుండా సాగుతుంది. 1971లో జెనీవాలో జూలియో గబ్బియానీ బృందం గాయాల్లోని ఫైబ్రోబ్లాస్ట్‌లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరీక్షించి, వాటిలో కొన్నింటికి కండర కణాల్లా ముడుచుకునే శక్తి ఉందని గుర్తించింది. సంచి మూతికి తాడు లాగినట్టు ఇవి గాయం అంచుల్ని అన్ని వైపుల నుంచీ లోపలికి లాగుతాయి. పొట్ట మీద, పిరుదుల దగ్గర చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడి పెద్ద గుంట కూడా చివరికి సన్న గీతగా మిగులుతుంది. మోకాటి కింద ఎముక మీద చర్మం బిగుతుగా ఉండటం వల్ల అక్కడ ఈ లాగుడు అంతగా సాగదు.

పంది వీపు మీద తేలిన సంగతి

గాలి తగిలితే మేలన్న నమ్మకం తెలుగు అమ్మమ్మలకే పరిమితం కాదు. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా యూరప్ వైద్యులూ అలాగే అనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించినవాడు లండన్‌లో పనిచేసిన జార్జ్ వింటర్. చర్మం విషయంలో మనిషికి దగ్గరగా ఉండే పందుల వీపు మీద ఆయన పైపై గాయాలు చేశాడు. కొన్నింటిని గాలికి వదిలేశాడు, కొన్నింటి మీద పలచటి పాలిథీన్ పొర కప్పాడు. గాలికి వదిలినవి పక్కు కట్టాయి. పొర కింద ఉన్నవి తడిగానే ఉన్నాయి. వాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. ఈ ఫలితం 1962లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది మనుషుల మీద చేసిన ప్రయోగమూ దాన్నే బలపరిచింది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. పైచర్మం కణాలు అంచు నుంచి జరుగుతూ వస్తాయి. అవి కదలాలంటే తడి ఉండాలి. గాలికి ఎండిన గాయంలో పైపొర చచ్చి గట్టి పక్కుగా మారుతుంది. కణాలు దాని కింద తడి ఎక్కడుందో వెతుక్కుంటూ దారి తవ్వుకోవాలి. తడిగా ఉన్న గాయం మీద తిన్నగా జారిపోతాయి.

అలాగని గాయాన్ని నానబెట్టకూడదు. బట్టలుతికాక వేళ్లు తెల్లబడి ముడతలు పడతాయి చూడండి, రసి ఎక్కువై కట్టు మార్చకపోతే గాయం చుట్టూ ఉన్న మంచి చర్మం అలా ఉబ్బి తెల్లబడుతుంది. తర్వాత అదీ ఊడి గాయంలో కలుస్తుంది. కావాల్సింది కనురెప్ప లోపలి వైపు ఉండేంత తడి. ఇవాళ మందుల షాపుల్లో దొరికే రకరకాల డ్రెస్సింగులు, అంటే నురుగులా మెత్తగా ఉండే ఫోమ్, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, జెల్లు, అన్నీ ఈ ఒక్క కొలత కోసం పుట్టినవే. రసి ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే తడి నిలుపుతాయి. బాగా పెద్ద గాయాలకు గాలి లాగే యంత్రం పెడతారు. అమెరికాలో అర్జెంటా, మోరిక్వాస్ 1997లో ఈ పద్ధతిని వివరంగా ప్రచురించారు. గాయంలో ఫోమ్ పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అతికించి, 125 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో లోపలి ద్రవాన్ని లాగేస్తుంది యంత్రం.

కట్టు విప్పిన ఇరవై నిమిషాలు

ఇంట్లో డ్రెస్సింగ్ మార్చడానికి కావలసింది వెలుతురు, శుభ్రమైన చేతులు, తొందర లేని మనిషి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, గోళ్ల కింద రుద్దుకుని, కొత్త తువ్వాలుతో తుడుచుకున్నాకే సామాను తెరవాలి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. నొప్పి మాత్ర రాసిచ్చి ఉంటే అరగంట ముందే వేయడం మంచిది.

పాత గాజ్ గుడ్డ అంటుకుపోయి ఉంటే పీకకూడదు. పీకితే దానితో పాటు నిన్నంతా కష్టపడి మొలిచిన కొత్త నాళాలూ ఊడొస్తాయి. సెలైన్ పోసి ఐదు నిమిషాలు ఆగితే అదే వదులవుతుంది. వదిలిన గుడ్డను చెత్తలో వేసే ముందు ఒకసారి చూడాలి. ఎంత తడిసింది, రంగేమిటి, వాసనేమిటి? రోజంతా మూసి ఉన్న కట్టు కాస్త వాసన కొట్టడం మామూలే. కడిగాక కూడా కుళ్లు వాసన ఉంటే అది లెక్కలోకి వస్తుంది.

తర్వాత కడగడం. సూది తీసేసిన సిరంజిలో సెలైన్ నింపి గుంట అడుగుకు తగిలేలా మెల్లగా చిమ్మాలి. సెలైన్‌లో ఉండేది లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంతే. మన ఒంటి ద్రవాల ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కణాలకు మంట పుట్టదు. సెలైన్ దొరక్కపోతే కాచి చల్లార్చిన నీళ్లూ పనికొస్తాయి.

గాయంలో పోయగానే తెల్లగా పొంగే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలా ఇళ్లలో ఉంటుంది. ఆ పొంగు చూస్తే సూక్ష్మజీవులన్నీ చస్తున్నాయనిపిస్తుంది. 1985లో లైన్‌వీవర్ బృందం ప్రయోగశాలలో పరీక్షిస్తే మామూలుగా వాడే గాఢతల్లో పెరాక్సైడూ, పోవిడోన్ అయోడినూ ఫైబ్రోబ్లాస్ట్‌లను చంపేశాయి. అంటే దొంగల్ని తరమబోయి మేస్త్రీలనూ వెళ్లగొట్టినట్టే. సర్జన్ చెప్పిన రోజుల వరకు యాంటీసెప్టిక్ వాడాలి. ఆయన ఆపమన్నాక అలవాటుగా పోస్తూ ఉండకూడదు. పక్కింటావిడ తెచ్చిన పసుపు కూరలోకి మంచిదే. పసుపులోని కర్క్యుమిన్ మీద పరిశోధనలు జరుగుతున్న మాటా నిజమే. అయినా డబ్బాలోని పసుపు పొడి స్టెరైల్ కాదు. తెరిచిన గుంటలోకి అది దుమ్మునూ, సూక్ష్మజీవుల బీజాలనూ మోసుకుపోతుంది.

చివరగా నింపడం. తడిపిన గాజ్ గుడ్డను గుంట మూలమూలలకూ తగిలేలా పరచాలి గానీ కూరకూడదు. దూదిని దిండులో కుక్కినట్టు కుక్కితే నెత్తురు ఆడదు. ఎన్ని ముక్కలు లోపల పెట్టారో లెక్క రాసుకుని, మర్నాడు అన్నీ బయటికి వచ్చాయో లేదో చూసుకోవాలి. లోపల మర్చిపోయిన గుడ్డ ముక్క ఒక్కటి చాలు, గాయం నెలల తరబడి కారుతూనే ఉండటానికి.

పథ్యం దగ్గర తప్పుతున్న లెక్క

సుశ్రుత సంహిత వ్రణానికి చేయాల్సినవి 60 ఉపక్రమాలని చెబుతుంది. ఆ అరవైలో ఆహారమూ ఒకటి. మన పథ్యం మాత్రం ఆ ఆహారాన్నే కోసేస్తోంది. ఆపరేషనైన మనిషికి పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం వద్దు, వంకాయ వద్దు, పులుపు వద్దు. మిగిలేది చారన్నం, బ్రెడ్డు, ఇడ్లీ. పప్పుతో చీము పడుతుందన్న మాట ఎన్ని తరాలదో గానీ, చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్స్ కుప్ప. అది కంచంలోంచి పుట్టదు.

కొల్లాజెన్ ప్రోటీన్. గాయం నింపే ప్రతి పోగుకూ సరుకు తిండి నుంచి రావాలి, రాకపోతే సొంత కండల నుంచి కరిగించి తెచ్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని భారత వైద్య పరిశోధన మండలి అంటుంది. ఆపరేషన్ తర్వాత 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి అది 70 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, గిన్నెడు ముద్దపప్పులో 7, 8 గ్రాములు. చారన్నం మీద బతికే రోగి ఆ లెక్కకు సగమైనా అందుకోవడం కష్టం. బాలింత అయితే పాలివ్వాలి కూడా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి ఎంత తినాలో తేల్చుకోవాలి.

పులుపు సంగతికి వస్తే, దాని కథ సముద్రం మీద మొదలైంది. 1740లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన జార్జ్ ఆన్సన్ నౌకాదళంలో, పుల్లటి పళ్లలో ఉండే విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బుతో వందల మంది చనిపోయారు. ఆ యాత్రా వృత్తాంతంలో ఒక వృద్ధ సైనికుడి ప్రస్తావన ఉంది. 1690లో ఐర్లండులో బోయిన్ యుద్ధంలో అతనికి గాయమైంది. అది ఎప్పుడో మాని, 50 ఏళ్లు ఏ ఇబ్బందీ పెట్టలేదు. స్కర్వీ ముదిరాక ఆ పాత గాయం అసలెప్పుడూ మాననట్టు మళ్లీ తెరుచుకుంది. మచ్చ అనేది ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. అందులోని కొల్లాజెన్ అరుగుతూ, కొత్తది అల్లుకుంటూనే ఉంటుంది. ఆ అల్లికకు విటమిన్ సి కావాలి. అది పూర్తిగా ఆగిపోతే అరగడమే మిగులుతుంది.

రెండు వందల ఏళ్ల తర్వాత బోస్టన్‌లో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్ దీన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. విటమిన్ సి లేని తిండి ఆరు నెలలు తిన్నాడు. మూడో నెలలో వీపు మీద చేయించుకున్న గాటు చక్కగా మానింది. ఆరో నెలలో చేయించుకున్న గాటు పది రోజులైనా చర్మం కింద అతుక్కోలేదు. విటమిన్ సి ఇంజక్షన్లు మొదలుపెట్టాక అదే గాయం మానింది. 1940లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ ప్రయోగం రెండు మాటలు చెబుతోంది. నాలుగు రోజులు పండు తినకపోతే గాయం ఆగదు, కంగారు అక్కర్లేదు. నెలల తరబడి పథ్యం పట్టి పళ్లూ కూరలూ మానేస్తే మాత్రం ఆగొచ్చు. ఒక జామకాయ తిన్నా, ఉసిరికాయ తిన్నా ఆ రోజు లెక్క నిండుతుంది.

చక్కెర, పొగ, దిగులు

2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. నెత్తురులో చక్కెర ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. సూక్ష్మజీవుల దగ్గరికి చేరడం, మింగడం, చంపడం అన్నీ నెమ్మదిస్తాయి. ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర సన్న రక్తనాళాల్నీ పాడుచేస్తుంది. మానని గాయంతో వచ్చిన మనిషికి షుగర్ ఉందని ఆ రోజే బయటపడటం మన ఆసుపత్రుల్లో కొత్తేమీ కాదు. కాబట్టి గాయం మొండికేసిందంటే మొదట చేయించాల్సిన పరీక్ష అది.

బీడీ, సిగరెట్టు రెండు వైపుల నుంచి దెబ్బ తీస్తాయి. నికోటిన్ సన్న నాళాల్ని ముడుస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఎర్ర కణాల్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తానే కూర్చుంటుంది. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు మానేసినా చిక్కులు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించింది. ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఇవాళ మానేసినా గాయానికి అందే ఆక్సిజన్ పెరుగుతుంది.

దిగులు కూడా గాయానికి తెలుస్తుందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్ గ్లేజర్ బృందం 26 మంది స్త్రీల చేతి మీద 3.5 మిల్లీమీటర్ల వెడల్పున ఒకే రకం గాయం చేసింది. వారిలో 13 మంది ఇంట్లో మతిమరుపు జబ్బుతో ఉన్న బంధువును ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్నవారు. మిగతా 13 మందికి ఆ భారం లేదు. భారం లేనివారి గాయం సగటున 39.3 రోజుల్లో మానితే, ఉన్నవారి గాయానికి 48.7 రోజులు పట్టింది. తొమ్మిది రోజుల తేడా. రాత్రుళ్లు బిడ్డతో మేలుకునే బాలింతకు పగలు రెండు గంటలు నిద్రపోయే వీలు కల్పించడం మందు రాయడం లాంటిదే.

సెలోఫేన్ కాగితం మీద గీసిన గాయం

రోజూ చూస్తూ ఉంటే గాయం తగ్గుతోందో లేదో తెలియదు. బిడ్డ ఎదుగుదల కన్నతల్లి కంటికి తెలియనట్టే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని కొంపియేన్ సైనిక ఆసుపత్రిలో, అప్పటికే నోబెల్ అందుకున్న సర్జన్ అలెక్సీ కారెల్, పియెర్ లెకోంత్ దు నుయీ దీనికో ఉపాయం కనిపెట్టారు. సైనికుల గాయాల మీద పారదర్శకమైన సెలోఫేన్ పరిచి అంచు వెంబడి గీత గీసేవారు. కొద్ది రోజులకోసారి ఆ గీతల లోపలి వైశాల్యం కొలిచి గ్రాఫ్ మీద వేసేవారు. శుభ్రంగా ఉన్న గాయం ఒక పద్ధతి ప్రకారం చిన్నదవుతుందనీ, మొదటి కొలతలు తెలిస్తే మానే తేదీని ముందే లెక్కగట్టవచ్చనీ తేలింది. అసలు గాయం ఆ గీతకు వెనకబడితే లోపల సూక్ష్మజీవులు చేరాయని వెతికేవారు. వయసు పెరిగేకొద్దీ మానడం నెమ్మదిస్తుందన్నది కూడా ఆ లెక్కల్లో ఉంది.

ఇవాళ సెలోఫేన్ అక్కర్లేదు, ఫోను ఉంది. వారానికోసారి అదే వెలుతురులో, అదే దూరం నుంచి, పక్కన ఒక స్కేలు ఆనించి ఫొటో తీసి పెట్టుకోవాలి. నాలుగు ఫొటోలు వరసగా చూస్తే డాక్టర్‌కు నాలుగు వారాల కథ తెలుస్తుంది. లోతు కొలవడం మాత్రం నర్సుకు వదిలేయాలి.

గాయం మొదట్లో గబగబా తగ్గి, చివర్లో రూపాయి బిళ్లంత మిగిలాక కదలనట్టు కనిపిస్తుంది. అది సహజం. నాలుగు వారాలైనా కొలతలో చెప్పుకోదగ్గ తేడా లేకపోతే మాత్రం కారణం వెతకాలి. చాలాసార్లు అది చిన్నదే అయి ఉంటుంది: లోపల కరగని కుట్టు దారం ముక్క, హెర్నియాకు వేసిన మెష్‌కు సోకిన ఇన్ఫెక్షన్, పెరిగిన షుగర్. మన దేశంలో మరో కారణాన్నీ గుర్తుంచుకోవాలి. లాప్రోస్కోపీ చేయించుకున్న కొందరికి చిన్న కుట్లు చక్కగా మాని, మూడు నాలుగు వారాల తర్వాత అక్కడే గడ్డ లేచి నీళ్లలా కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్ ఎన్ని మార్చినా లొంగదు. క్షయ క్రిమికి దాయాదులైన, నీళ్లలో బతికే కొన్ని మైకోబాక్టీరియాలు సరిగా స్టెరిలైజ్ కాని పరికరాల మీదుగా లోపలికి చేరడం దీనికి కారణం. వీటికి ప్రత్యేక పరీక్ష, నెలల తరబడి వేరే మందులు కావాలి. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు పొడిపించుకుంటే కాలం, డబ్బు రెండూ పోతాయి.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఫొటో తీస్తూ కూర్చోకూడదు. జ్వరం, చలి, గాయం చుట్టూ గంటగంటకూ పాకే ఎరుపు, చర్మం నల్లబడటం, తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పెరగడం, ఇవన్నీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమనే పిలుపులు. పొట్ట ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో లేత గులాబీ రంగు నీళ్లు ఉన్నట్టుండి భళుక్కున కారితే లోపలి పొర కుట్లు తెగి ఉండవచ్చు. పేగు బయటికి కనిపిస్తే లోపలికి నెట్టకుండా, సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, ఏమీ తినిపించకుండా, తాగించకుండా, పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

పూడాక కూడా

గుంట నిండి, పైన గులాబీ రంగు పలచని చర్మం పరుచుకున్న రోజు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మేస్త్రీలు మాత్రం ఇంకా దిగిపోలేదు. తొందరలో అడ్డదిడ్డంగా వేసిన కొల్లాజెన్‌ను తీసేస్తూ, గట్టి పోగుల్ని లాగుడు పడే దిశలో మళ్లీ అల్లుతూ ఉంటారు. ఈ పని ఏడాదికి పైగా సాగుతుంది. ఆ నెలల్లో మచ్చ దురద పెడుతుంది, ఎర్రగా ఉంటుంది, ఎండకు నల్లబడుతుంది. అక్కడ వెంట్రుకలు, చెమట గ్రంథులు తిరిగి రావు.

బలం ఎంత అన్నదే ఇంట్లో పనికి సంబంధించిన ప్రశ్న. కుట్టిన గాయానికి మొదటి వారం చివర మామూలు చర్మం బలంలో ఉండేది సుమారు 3 శాతం. అప్పటిదాకా అంచుల్ని పట్టి ఉంచేవి కుట్లే. మూడో వారానికి 20 నుంచి 30 శాతం, మూడు నెలలకు దాదాపు 80 శాతం. నూటికి నూరు ఎప్పటికీ రాదు. తెరిచి ఉంచి పూడ్చుకున్న గాయం ఈ లెక్కలో ఇంకా వెనక మొదలవుతుంది. అందుకే మొదటి ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని, దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా పొట్టకు దిండు ఒత్తుకోమని సర్జన్లు చెబుతారు.

బాలింత తన బిడ్డను ఎత్తుకోవచ్చు. నిండు నీళ్ల బిందె 15 కిలోలు దాటుతుంది. నిండు గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపి దాదాపు 30. ఫ్యాను తగ్గించి, పప్పు గిన్నె మంచం దగ్గరికి తిరిగొచ్చిన ఆ ఇంట్లో, సర్జన్ సరేననేదాకా బండ మార్చడం, బిందె ఎత్తడం మరొకరి పని.